రంగు పడని గుర్తులు

పోయిన వారం షెడ్డక్కని చేతిలో గ్రీజు గుడ్డతో గేటు దగ్గర నిలబెట్టేసి మన దారిన మనం వచ్చేశాం. ఆవిడ ఇంకా అక్కడే ఉంది. ఏడాది దాటి మొహం చూపించని తమ్ముడు, తండ్రి వదిలివెళ్ళిన దూరప్రయాణాల బండి మీద షెడ్డు ముందుకొచ్చి ఆగాడు. ఆగాడే గానీ దిగలేకపోయాడు. నడుం పట్టేసింది. అక్కా అని పిలవడానికి పౌరుషం అడ్డొచ్చింది. అందుకని హారన్ కొట్టాడు.

ఈ అక్కాతమ్ముళ్ళకి మాటలెందుకు పోయాయో ముందు భాగాలు చదవనివారి కోసం చెప్పుకోవాలి. తండ్రి ఈ బండ్ల రిపేరు షెడ్డుకి పెద్ద మేస్త్రీ. బతికుండగానే షెడ్డుని కూతురి చేతిలో పెట్టాడు. తన బండిని మాత్రం పోయేముందు "చిన్నోడికి" అన్నాడు. ఆ చిన్నోడికి నలభై దాటాయి, బట్టలు కుట్టే కొట్టుంది, పెళ్ళాం ఉంది, అయినా ఇంట్లో ఆ పేరు పోలేదు. పెద్ద మేస్త్రీకి ఒక అలవాటుండేది. బండిలో ఏ భాగాన్ని బిగించినా, నట్టు మీంచి పక్కనున్న ఇనుము మీదకి పసుపు రంగుతో సన్నని గీత గీసేవాడు. గీత విడిపోయి కనబడిందంటే ఎవరో కదిపారని అర్థం. చిన్నోడు బండిని ఇంటికి తీసుకెళ్ళి చూసుకుంటే ఒక్క గీతా కలవలేదు. హ్యాండిల్ కింద ఏవో ఇనుప దిమ్మలు చేరాయి, వెనక స్ప్రింగులు బిగిసి ఉన్నాయి, కాళ్ళు పెట్టుకునే కడ్డీలు జరిగాయి, సీటైతే ఏకంగా మారిపోయింది. తిన్నగా షెడ్డుకొచ్చి, పదిమంది ముందు, నాన్న గుర్తులు చెరిపింది నువ్వేనా అని అక్కని నిలదీశాడు. ఆవిడ ఆ బండిని వేలితో కూడా తాకలేదు. కానీ బండి తనకి రాలేదన్న కడుపుమంట ఒకటి, తమ్ముడు అడిగిన తీరుకి పుట్టిన మంట ఇంకొకటి. "అవును, నేనే. ఏం చేసుకుంటావో చేసుకో" అనేసింది. చిన్నోడు చేసుకున్నాడు. అన్నీ విప్పి, మళ్ళీ పసుపు గీతలు కలిసేలా బిగించేశాడు. ఆనాటి నుంచి ఒకరి గడప ఒకరు తొక్కలేదు.

ఇక ఇవాళ్టి సంగతి. షెడ్డక్క హారన్‌కి జవాబివ్వలేదు. వెళ్ళి బండిని ఒక చేత్తో, తమ్ముణ్ణి ఒక చేత్తో పట్టుకుంది. బండికి స్టాండు వేయడం తేలికే అయింది. తమ్ముణ్ణి దించడానికి మాత్రం పక్క కొట్టు వెల్డరుని కేకెయ్యాల్సొచ్చింది. మనిషి పొట్టి, పైగా బొద్దు. ఆ కాలు సీటు మీంచి ఇవతలికొచ్చేసరికి ముగ్గురికీ చెమటలు పట్టాయి. వెల్డరు నవ్వు ఆపుకుంటూ వెళ్ళిపోయాడు. చిన్నోడు పనిబల్ల మీద వెల్లకిలా పడుకుని పైకప్పు రేకుల్ని చూస్తూ, ఇష్టమైతే బండి చూడమనీ, లేకపోతే ఇంకో షెడ్డుకి తోసుకుపోతాననీ అన్నాడు. ఈ నడుంతో దాన్ని గేటు దాటించగలిగితే చప్పట్లు కొట్టి మరీ సాగనంపుతానంది అక్క. ఏడాది తర్వాత ఇద్దరి మధ్యా నడిచిన మొదటి మాటలు ఇవే.

నొప్పి ఎక్కడని అడిగింది.

"ఎక్కడ లేదో అడుగు, తొందరగా అయిపోతుంది" అన్నాడు.

ఆ తర్వాత తగ్గి, వివరంగానే చెప్పాడు. ముందు మణికట్లు తిమ్మిరెక్కుతాయి. ఊరు దాటేసరికి భుజాల మధ్య ఎవరో మేకు దిగ్గొట్టినట్టుంటుంది. రోడ్డులో ఏ చిన్న గుంట వచ్చినా వెనక చక్రం కింద నుంచి ఎగిరి తంతుంది. వెన్నుపూస అడుగు భాగమైతే తనదనే అనిపించడం మానేసింది. అతను చేతులు ముడుచుకుని కూర్చోలేదు. టైర్లు మార్చాడు. మందపాటి చేతి తొడుగులు కొన్నాడు. నడుంకి బెల్టు కట్టాడు. సీటు మీద తనే కుట్టిన దూది మెత్త వేశాడు. దాంతో సీటు ఇంకా ఎత్తయి, కాళ్ళు నేలకందక, రెండుసార్లు నిలబడ్డచోటే పడిపోయాడు. ఏ మందు వేసినా కొత్త రోగం ఒకటి తగులుకుందన్నమాట.

అంత బాధగా ఉంటే ఎక్కడం మానేయొచ్చుగా అని అక్క అడిగింది. చిన్నోడు రేకుల మీంచి చూపు తిప్పకుండానే చెప్పాడు.

"షెడ్డు పని నాకొద్దు, మిషను కొనుక్కుంటానన్న రోజు నాన్న ఏమన్నాడో గుర్తుందా? ఇక్కడే, అందరి ముందూ. సూది పట్టే చేతులు నా ఇంట్లో అన్నం కలపక్కర్లేదన్నాడు. వెళ్ళిపోయాను. మళ్ళీ ఆయన మొహం చూసింది ఆస్పత్రిలోనే. అప్పటికి మాట పడిపోతోంది. బండి చిన్నోడికి అన్నాడు, అంతే. క్షమించి ఇచ్చాడో, కోపం చావక ఇచ్చాడో నాకు తెలీదక్కా. తెలుసుకుందామనే రోజూ ఎక్కుతున్నాను. రోజూ తన్నులు తిని దిగుతున్నాను. ఆయన జవాబు ఇదేనేమో."

ఇవాళ కూడా ఏ సంగతీ తేలకపోతే బండిని తుక్కు కొట్టువాడికి అప్పజెప్పి చేతులు కడుక్కుంటానన్నాడు. మాట తోచనప్పుడు షెడ్డక్క చేతులకి పని చెబుతుంది. స్టూలు లాక్కుని బండి పక్కన కూర్చుంది.

అందరూ దున్నపోతు అని పిలిచే బండి అది. ముందు పెద్ద గాలి అద్దం, రెండు వైపులా సామాన్ల పెట్టెలు, ఇద్దరు దర్జాగా కూర్చునేంత పొడవు సీటు. పెద్ద మేస్త్రీ దాని మీద తిరగని దారి లేదు. షెడ్డక్క మొదట టైర్లలో గాలి చూసింది, సరిగ్గానే ఉంది. చక్రాలు ఎత్తి ఊపి చూసింది, బేరింగుల్లో వదులు లేదు. హ్యాండిల్ ఇటూ అటూ తిప్పింది, ఎక్కడా పట్టెయ్యలేదు. వెనక చక్రాన్ని మోసే ఫోర్కుని పట్టుకుని అడ్డంగా గుంజింది, బుష్‌లు గట్టిగానే ఉన్నాయి. షాక్ అబ్జార్బర్ల నుంచి ఆయిలు కారిన జాడ లేదు. కనబడిన ప్రతి నట్టు మీదా పసుపు గీత చక్కగా కలిసుంది. తమ్ముడు పని శ్రద్ధగా చేశాడని ఒప్పుకోక తప్పలేదు. వాడి చెయ్యి ఎప్పుడూ శుభ్రమే, ఆ మాట నాన్నే ఏనాడూ అనలేదు.

ఇక మిగిలింది ఎక్కి చూడడం. గేటు దాటి, కూరగాయల బజారు సందులోంచి పెద్ద రోడ్డెక్కి, గుంటలున్నచోటల్లా వెతుక్కుని మరీ తోలింది. తన్నులేవీ తగల్లేదు. చేతులు వాటంతట అవే హ్యాండిల్ మీదకి చేరాయి, వీపు నిటారుగా నిలిచింది, గుంటలు చక్రాల కిందే ఉండిపోయాయి. కావాలనుకుని దక్కనిదాని మీద కూర్చోవడం ఎంత హాయిగా ఉందో, ఆ హాయి అంత చేదుగానూ ఉంది. నాకే రావల్సింది అని ఒక్క క్షణం అనుకుంది కూడా. అనుకున్నందుకు సిగ్గుపడి వెనక్కి తిప్పింది.

బండిలో ఏ లోపమూ లేదని వచ్చి చెప్పింది. చిన్నోడి మొహం చిన్నబోయింది.

"అయితే లోపం నాదే. నాన్న కూడా అదే అనేవాడు" అన్నాడు.

ఆ మాటకి షెడ్డక్కకి ఒళ్ళు మండింది. మండినా ఈసారి నోరు జారలేదు. లేచి ఎక్కమంది. ఇంజను వేయకుండా ఊరికే కూర్చోమంది. మూలుగుతూ ఎక్కాడు. ఆవిడ నాలుగడుగులు వెనక్కి జరిగి, మనిషినీ బండినీ కలిపి చూసింది. ఇంత పని చేసి ఇది చూడకపోవడమేమిటా అనిపించింది.

తను తండ్రి పోలిక. పొడుగు మనిషి, పొడుగు చేతులు, ఒంటి మీద కండ తక్కువ. తమ్ముడు అమ్మ పోలిక. హ్యాండిల్ అందుకోవడానికి చేతులు పూర్తిగా చాపాడు, మోచేతుల్లో వంపే లేదు. బరువంతా మణికట్ల మీద పడింది. కాలి బొటనవేళ్ళే నేలకి తగులుతున్నాయి. అతను కూర్చోగానే వెనక స్ప్రింగులు అడుగంటా కుంగిపోయాయి. ఇక గుంట వస్తే కుంగడానికి చోటెక్కడిది? ఆ దెబ్బ తిన్నగా వెన్నుపూసకే. ఆ బండి పెద్ద మేస్త్రీ ఒంటికి అచ్చు గుద్దినట్టు బిగించి ఉంది. అందులో ఆయన కొడుకుని కూర్చోబెడితే తన్నక ఏం చేస్తుంది?

"నువ్వు మార్చకముందు ఎలా ఉండేదిరా? ఎక్కి చూశావా?"

"చూడలేదు. గీతలు తప్పిన బండి ఎక్కుతానా? అయినా నన్నడుగుతావేం? కదిపింది నువ్వే కదా."

షెడ్డక్క గ్రీజు గుడ్డతో చేతులు తుడుచుకుంది. తుడిచిన చేతులే మళ్ళీ తుడుచుకుంది.

"నేను కదపలేదు. నువ్వడిగిన తీరుకి ఉడుక్కుని అన్నాను."

చిన్నోడు అక్కని ఎగాదిగా చూశాడు. అరుస్తాడనుకుంది, అరవలేదు. ఏడాది పాటు ఆ అబద్ధం మీదే పంతం మోశానని గొణిగాడు. తనూ మోశానంది ఆవిడ. మరి కదిపిందెవరని ఇద్దరూ ఒకేసారి అనుకున్నారు.

విప్పిన ముక్కల్ని అతను పారేయలేదు. తండ్రి బండిలోంచి వచ్చిన ఇనుము పారేయడానికి మనసొప్పలేదట. పక్క పెట్టె తెరిచి, అంచులు మడిచి కుట్టిన చిన్న గుడ్డ సంచీ తీశాడు. అందులో హ్యాండిల్ కింద దొరికిన రెండు దిమ్మలు, కాలి కడ్డీల కింద దొరికిన పలకలు ఉన్నాయి. షెడ్డక్క ఒక దిమ్మని వెలుగులోకి పెట్టి తిప్పింది. కొన్న సరుకు కాదు. కోసి, తొలిచి, ఆకురాయితో చేత్తో నునుపు చేసింది. పెద్ద మేస్త్రీది ఎడమచేతి వాటం. అందరి ఆకురాయి గీతలూ ఒక వైపు వాలితే ఆయనవి రెండో వైపు వాలతాయి, ఈ దిమ్మ మీదవి వాలినట్టే. చిన్నప్పటి నుంచి ఆ గీతల పక్కన తన గీతలు పెట్టి పని నేర్చుకున్న మనిషి ఆవిడ. కళ్ళు మూసుకుని వేలితో తడిమినా పోల్చగలదు.

చివరి నెలల్లో ఆయన బండిని ఇంటి వెనక వసారాలో పెట్టుకుని ఏదో చేస్తూ ఉండేవాడు. కూతురు రోజూ చూసేది. షెడ్డు బరువంతా తన నెత్తిన వేశాడన్న కోపంతో, దగ్గరకెళ్ళి ఏం చేస్తున్నావు నాన్నా అని మాత్రం ఒక్కనాడూ అడగలేదు.

తమ్ముడికి ఏమీ చెప్పకుండా దిమ్మల్ని హ్యాండిల్ కింద పెట్టి బిగించింది. హ్యాండిల్ ఎత్తయి వెనక్కొచ్చింది. కాలి కడ్డీలని పలకల మీదకి జరిపింది. వెనక స్ప్రింగుల అడుగున మెట్లు మెట్లుగా ఉండే రింగుంటుంది, దాన్ని తిప్పితే స్ప్రింగు బిగుస్తుంది. మొదట్లో ఎక్కడుండేదో అతను చూపించాడు, కొక్కెం స్పానరుతో అక్కడికే తిప్పింది. అయ్యాక ఎక్కమంది.

చిన్నోడు ఎక్కాడు. హ్యాండిల్ పట్టుకున్నాడు. మోచేతులు మెత్తగా వంగాయి. ఒకసారి అక్క వైపు చూసి, ఇంజను వేసి వెళ్ళిపోయాడు. కూరగాయల బజారు సందు, పెద్ద రోడ్డు, గుంటలు అన్నీ తిరిగొచ్చాడు. వచ్చి ఇంజను ఆపాడు గానీ దిగలేదు. ఈసారి నడుం పట్టి కాదు.

"ఇది రెడీమేడ్ కాదక్కా" అన్నాడు. "నేను కొలత తీసి కుట్టేవాణ్ణి. ఎవరి ఒంటికి కుట్టిందో నాకు తెలుస్తుంది. ఇది నాకే కుట్టాడు. చేతి పొడుగు, కాలి పొడుగు, బరువుతో సహా నాకే."

అయితే రంగెందుకు వేయలేదని అడిగాడు. కొత్త చోట్ల గీతలు గీసుంటే ఇంత జరిగేదా అన్నాడు. షెడ్డక్కకి ఆ జవాబు తెలుసు. గ్రీజు గుడ్డ పక్కన పెట్టి చెప్పింది. పెద్ద మేస్త్రీ ఎవరి బండి చేసినా, మనిషి ఎక్కి, తిరిగొచ్చి, బాగుందని నోటితో అనేదాకా రంగు డబ్బా మూత తీసేవాడు కాదు. తన పనికి తనే సంతకం పెట్టుకోకూడదనేవాడు. చిన్నోడొచ్చి ఎక్కి బాగుంది నాన్నా అనలేదు, కాబట్టి రంగు పడలేదు.

అది విని చిన్నోడు హ్యాండిల్ మీద తల పెట్టుకుని ఏడ్చాడు. నలభై దాటిన మనిషి, షెడ్డు మధ్యలో, ఎవరు చూస్తున్నారన్న ధ్యాస లేకుండా ఏడ్చాడు. నాన్న పెట్టిన ప్రతి ముక్కనీ నా చేతులతో నేనే విప్పానక్కా, ఒక్కసారి ఎక్కి చూసినా తెలిసేదక్కా అన్నాడు. అవన్నీ మళ్ళీ బిగించాం కదరా అని ఆవిడ వీపు నిమిరింది.

"సీటు?" అన్నాడతను తలెత్తకుండానే. ఆ సీటుని విప్పి, అటక మీదున్న తండ్రి పాత సీటు ఎక్కించేశాడు. విప్పినదాని మెత్త బాగుందని, కొట్టులో మిషను ముందు వేసుకునే స్టూలుకి సరిపడా కత్తిరించుకున్నాడు. ఏడాదిగా రోజంతా దాని మీదే కూర్చుని నాన్న మీద అలుగుతున్నాడు. ఇక అది ఏ బండికీ పనికిరాదు.

ఆ సీటు చేసినవాళ్ళెవరో వెతుక్కోవాల్సిన పని లేదు. పక్క వీధిలో సీట్ల బాబాయ్ ఉన్నాడు. పెద్ద మేస్త్రీకి ప్రాణస్నేహితుడు, చెవులు కొంచెం మందం, నోరు మాత్రం మహా చురుకు. అక్కా తమ్ముడూ బండి తోసుకుంటూ అతని కొట్టుకెళ్ళారు. ఆ వీధికి ఇంజనెందుకని చిన్నోడు అన్నాడు గానీ, నిజానికి అతని కాళ్ళలో సత్తువ రావడానికి కాస్త నడవాల్సి ఉంది.

ఇద్దర్నీ కలిపి చూసి బాబాయ్ కళ్ళద్దాలు సర్దుకున్నాడు. బండికి పాత సీటుండడం చూసి ముందు ఎడాపెడా తిట్టాడు. అంత పనితనం పెట్టి చేసిన సీటు ఏం చేశారురా అన్నాడు. స్టూలు సంగతి విన్నాక తిట్టడం కూడా మానేశాడు. మళ్ళీ అలాంటిదే చేయమంటే తలూపాడు. కొలత గుర్తుందా అని చిన్నోడు అడిగితే లోపలికెళ్ళి, తోలు ముక్కల కింద నుంచి ఒక ప్యాంటు లాక్కొచ్చాడు. బూడిద రంగు ప్యాంటు. చిన్నోడు దాన్ని తిరగేసి లోపలి కుట్టు చూసుకున్నాడు. తను తనకోసం కుట్టుకున్నదే. కనబడక ఇల్లంతా వెతికి, ఇస్త్రీవాడితో గొడవ పెట్టుకున్నాడు కూడా. దాన్ని నీ పెళ్ళామే తెచ్చిచ్చిందని బాబాయ్ చెప్పాడు. పెద్ద మేస్త్రీ అడిగితే ఎవరికీ చెప్పకుండా పట్టుకొచ్చి ఇచ్చిందట.

"అసలు నాకు ప్యాంటుతో పనేముంది?" అన్నాడు బాబాయ్. "మనిషి కూర్చోకుండా మెత్త కోయనని మొదటే చెప్పాను. మీ నాన్న సరేనన్నాడు. ఒక రోజు బండి ఇక్కడికి తోలుకొచ్చి, ఇవాళ చిన్నోణ్ణి రప్పిస్తున్నా అన్నాడు. సంచీలో పసుపు రంగు డబ్బా, కుంచె పెట్టుకొచ్చాడు. ఫోన్ చేసి కబురు పెట్టాడు. కాసేపటికి అట్నుంచి ఫోనొచ్చింది. విని జేబులో పెట్టేసుకుని, రానన్నాడటరా అన్నాడు. అయినా పోలేదు. మనసు మార్చుకుని వస్తావేమోనని సాయంత్రం దాకా అదిగో, ఆ బల్ల మీదే కూర్చున్నాడు. డబ్బా మూత తీయకుండానే తీసుకెళ్ళిపోయాడు. నువ్వొక్కసారి రావల్సింది, బాబూ."

"నన్నెవరూ రమ్మన్లేదు" అన్నాడు చిన్నోడు. అతని గొంతు మెల్లగానే ఉంది. "బాబాయ్, నాన్న రమ్మన్నాడని నాకెవరూ చెప్పలేదు."

ఫోన్ చేసిందెవరికో, తిరిగి చేసిందెవరో బాబాయ్‌కి తెలీదు. తోలు కత్తి తీసుకుని పనిలో పడ్డాడు. చిన్నోడు ప్యాంటు చేతిలో పట్టుకుని, ఆలోచించుకుని, తనే తేల్చేశాడు. కత్తెర పట్టుకున్నాక తను ఫోనెత్తడని అందరికీ తెలుసు, కాబట్టి నాన్న ఇంటికే చేసుంటాడు. ఇంట్లో ఎత్తేది ఇంకెవరు? నాన్నతో చాటుమాటుగా మాట్లాడిందీ, ప్యాంటు ఇచ్చిందీ ఎవరు? నేను రానని తనే చెప్పేసింది, ఏడాది నుంచి నా పక్కనే ఉండి నోరు విప్పలేదు అన్నాడు. పదక్కా, నీ ముందే అడుగుతాను, ఇవాళ తేలిపోవాలి అన్నాడు.

షెడ్డక్క ఆ మాటలు సరిగా వినలేదు. ఆవిడకి గుర్తొచ్చింది.

ఆ రోజు షెడ్డులో ఇంజను విప్పి పరిచి ఉంది. నాన్న ఫోన్ చేసి, తమ్ముణ్ణి ఒకసారి సీట్ల బాబాయ్ కొట్టుకి రమ్మను, చిన్న పనుంది అన్నాడు. ఇన్నాళ్ళూ షెడ్డు మోసింది నేనైతే, కబుర్లు మాత్రం వాడికా అని మండింది. చిన్నోడి ఇంటికి చేసింది. మరదలు ఎత్తింది. మామయ్యగారు పిలిచారంటే ఇప్పుడే కొట్టుకెళ్ళి చెప్తానంది, ఆ పిల్ల గొంతులో సంతోషం కూడా వినబడింది. అప్పుడు తనేమంది? వద్దులే, వాడెలాగూ రాడు, మళ్ళీ లేనిపోని గొడవ, చెప్పకు అంది. నాన్నకి చేసి, రానన్నాడు నాన్నా అంది. అది అబద్ధమని కూడా అనుకోలేదు. అడిగినా జరిగేది అదే కదా, ఒక పని తగ్గిందనుకుని మళ్ళీ ఇంజను మీదకి వంగింది. సాయంత్రానికి మర్చిపోయింది. నాన్న మాత్రం సాయంత్రం దాకా ఆ బల్ల మీద కూర్చున్నాడు.

తమ్ముడు ఇంజను వేసి, ఎక్కమని తల తిప్పాడు. ఎక్కింది.

బండి ఎంత సాఫీగా పోయిందంటే, మాట్లాడుకోవడానికి గొంతు పెంచక్కర్లేదు. చిన్నోడి వీపు నిటారుగా ఉంది, భుజాలు బిగుసుకోలేదు. అతని ఒంట్లో ఇవాళ నొప్పి లేదు, ఉన్నదంతా పెళ్ళాం మీద కోపమే. ఆగరా, నీతో ఒక మాట చెప్పాలి అనాలి, అంతే. బజారు మలుపులో అందామనుకుంది, ఎదురుగా లారీ వచ్చింది. వంతెన మీద నోరు తెరిచింది. అప్పుడే తమ్ముడు ఎడమ చెయ్యి వెనక్కి చాచి, పడిపోతావక్కా, గట్టిగా పట్టుకో అన్నాడు. ఏడాది తర్వాత దొరికిన ఆ చెయ్యి పట్టుకున్నాక ఆవిడకి ఇక మాట రాలేదు. ఇంటి దగ్గర చెబుదాం, మరదల్ని అతను ఒక్క మాట అనకముందే చెప్పేద్దాం అనుకుంది. ఇల్లు అంత తొందరగా వచ్చేస్తుందనుకోలేదు.

బండి చప్పుడుకి మరదలు బయటికొచ్చింది. చేతులింకా తడిగానే ఉన్నాయి. ఏడాదిగా మాటల్లేని అక్కాతమ్ముళ్ళు ఒకే బండి మీంచి దిగడం, మొగుడి చేతిలో ఆ బూడిద రంగు ప్యాంటు ఉండడం చూసింది. చిన్నోడు అడగబోయిన ప్రశ్న ఇంకా అతని నోట్లోనే ఉంది. ఆమె మొహం విప్పారింది, కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. గబగబా మెట్లు దిగి వచ్చి వదినగారి రెండు చేతులూ పట్టుకుంది.

"చెప్పేశారా వదినా? పోన్లెండి, మీ నోటితో మీరే చెప్పారు. ఫోన్ సంగతి నేను మాత్రం ఈయనకి ఒక్క ముక్క చెప్పలేదు, ఒట్టు" అంది.

చిన్నోడు పెళ్ళాం మొహం చూశాడు. ఆమె పట్టుకున్న చేతుల వైపు చూశాడు. తర్వాత అక్క వైపు తిరిగాడు.

"ఏం చెప్పాలక్కా?" అన్నాడు.